వడ్డీకి బదులు

ఆ పత్తికట్టె ఇంకో రెండు గుప్పిళ్లు వెయ్యరా అబ్బాయ్. పొగ ఇటు కొడుతోంది, ఆ పక్క నుంచి వెయ్యి. ఈ ఏడు ధనుర్మాసంలో చలి బాగానే పట్టింది. అమ్మాయ్, నువ్వు ఆ కాయితాల కట్ట ఒళ్లో పెట్టుకుని నెగడుకి అంత దగ్గరగా కూర్చోకు. రవ్వ ఎగిరి పడుతుంది. ఆ కట్టలో ఎవరిదో పొలం ఉంది.

మీ అమ్మ చెప్పింది, నీకు మొట్టమొదటి సెకండ్ అప్పీలు వచ్చిందట కదా. నేలపాడు హైకోర్టులో నీ సొంత పేరు మీద వకాల్తా పడుతుందంటే ఈ వయసులో నాకు ఇంతకంటే ఏం కావాలి తల్లీ. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ కింది కోర్టుల తీర్పులు తిరగేస్తున్నావు, చూస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లు చదివావు? రెండుసార్లా? మంచిదే. మా సీనియరు గారైతే మూడోసారి చదివిందాకా పెన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఒరేయ్ పిల్లలూ, మీరూ వినండి. వకీలంటే సాక్షిని బోనెక్కించి గుక్క తిప్పుకోకుండా ప్రశ్నలు వేసేవాడని అనుకుంటారు మీరు. అదంతా కింది కోర్టు పని. నేను నలభై ఏళ్లకు పైగా హైకోర్టులోనే ఉన్నాను. సాక్షి ముఖం చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పీలు కోర్టుకి మనుషులు రారు, వాళ్లు చెప్పిన మాటలు కాయితాల మీద ఎక్కి వస్తాయి. సాక్షి తడబడ్డాడా, ఏడ్చాడా, తల వంచుకున్నాడా అన్నది కాయితంలో ఉండదు. ఉన్న కాయితంలోంచే జరిగిందేమిటో పట్టుకోవాలి. కొత్త సాక్ష్యం పెడతానంటే అంత తేలిగ్గా ఒప్పుకోరు. కింది కోర్టులో ఎందుకు పెట్టలేకపోయావో ముందు చెప్పుకోవాలి.

నేను నల్లకోటు వేసుకుంది 1972లో, హైదరాబాదులో. అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ మీదుగా మూసీకి అవతలి ఒడ్డుకు చేరితే ఎర్రరాతి గుమ్మటాలు కనిపించేవి. 1920లో ఏడో నిజాం ప్రారంభించిన భవనం అది. ఇవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, అవతలి ఒడ్డున హైకోర్టు. పల్లెల నుంచి వచ్చిన వాళ్లు ఆ వంతెన దగ్గర నిలబడి దారి అడిగేవారు. ఆ ఏడే ఒక అప్పీలు తీర్పు మన రాష్ట్రాన్నంతా ఊపేసింది. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లవని మన హైకోర్టు అంటే, కాదు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. తరవాత జై ఆంధ్ర ఉద్యమం, ఆగిన రైళ్లు, మూతపడ్డ కాలేజీలు, ఆ సంగతులు మీకు మీ నాయన చెప్పే ఉంటాడు. గుంటూరు కుర్రవాణ్ని, హైదరాబాదులో అద్దెగదిలో ఉండేవాణ్ని, నాకు ఆ రోజులు బరువుగానే గడిచాయి. పై కోర్టులో రాసే ఒక్క వాక్యం ఎన్ని ఇళ్ల దాకా వస్తుందో మొదటి ఏడాదే చూశాను.

మా సీనియరు గారు మద్రాసులో చదువుకుని, గుంటూరులో ప్రాక్టీసు మొదలుపెట్టి, హైదరాబాదులో స్థిరపడ్డ మనిషి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలు అయింది, హైకోర్టు మన గుంటూరుకు దక్కింది. 1954 జులై 5న అది మొదలైంది. కోకా సుబ్బారావు గారు మొదటి ప్రధాన న్యాయమూర్తి. తరవాత ఆయన దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1967లో గోలక్‌నాథ్ తీర్పు ఆయన బెంచిదే. గుంటూరులో ఆ కోర్టు నిండా రెండున్నరేళ్లు కూడా లేదు. 1956 నవంబరులో హైదరాబాదు వెళ్లిపోయింది. కానీ ఆ కొద్ది రోజుల్లోనే ఒక పెద్ద ప్రశ్న తేల్చారు. మనం విడిపోయి వచ్చేశాం కదా, మరి మద్రాసు హైకోర్టు పాత తీర్పులు మనకు వర్తిస్తాయా లేదా అని. 1954 జులై 5కు ముందువన్నీ మనల్ని కట్టిపడేస్తాయని ఫుల్ బెంచి చెప్పింది. అందుకే మా ఆఫీసులో బీరువాలకు బీరువాలు మద్రాసు లా జర్నళ్లే ఉండేవి. రోజూ వాటి దుమ్ము దులపడం నా మొదటి ఉద్యోగం.

రెండో ఉద్యోగం మున్షీ సాహెబు పక్కన కూర్చోవడం. ఆయన పాత హైదరాబాదీ, అప్పటికే అరవై దాటిన మనిషి. నిజాం కాలంలో కోర్టు భాష ఉర్దూ కదా, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చే పాత రికార్డు, పహాణీలు, ఫైసలాలు అన్నీ ఉర్దూలోనే ఉండేవి. వాటికి ఇంగ్లీషు తర్జుమా జతచేసి పంపేవారు. మా సీనియరు గారికి ఉర్దూ అంతంత మాత్రం. అయినా తర్జుమా ముందు పెట్టుకునేవారు కాదు. మున్షీ సాహెబుని పిలిచి, అసలు కాయితం పైకి చదవమనేవారు. ఆయన ఒక్కో పంక్తీ చదివి, ఆగి, హైదరాబాదు తెలుగులో అర్థం చెప్పేవారు. నేను ఇంగ్లీషు తర్జుమా పట్టుకుని సరిచూసుకోవాలి. ఒకసారి విసుగొచ్చి, కోర్టు వాళ్లే సర్టిఫై చేశారు కదా సాహెబ్, ఇంకా ఎందుకిది అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, తర్జుమా చేసినవాడికి ఆ పొలంలో వాటా లేదు బాబూ అన్నారు. అంతే. మళ్లీ చదవడం మొదలుపెట్టారు.

పేపర్ బుక్, అంటే కోర్టు ముందు పెట్టే కేసు కాయితాల పుస్తకం, తయారుచేయడం ఇప్పుడు మీకు ఒక బొత్తాం నొక్కినంత పని. మాకు రెమింగ్టన్ టైపు మిషను, కార్బను కాయితాలు, పల్చటి కాపీ కాయితం. అయిదో కాపీకి అక్షరం మసకబారిపోయేది. ఒక్క తప్పు దొర్లితే అయిదు కాపీల్లోనూ రబ్బరు పెట్టి చెరిపి దిద్దాలి. రాత్రి పదింటికి మర్నాడు విచారణకొచ్చే కేసుల పట్టీ, కాజ్ లిస్టు, చేతికొస్తే, అందులో మన నంబరు వేలితో వెతుక్కుని, ఆ కట్ట తీసి పైన పెట్టుకుని పడుకునేవాళ్లం. సీనియరు గారు తెల్లవారి అయిదింటికి లేచి ఒక తెల్లకాయితం మీద రెండు గళ్లు గీసేవారు. ఎడమవైపు మనకు వ్యతిరేకంగా ఉన్నవన్నీ ముందు రాసేవారు. అది నిండాక గానీ కుడివైపు మొదలయ్యేది కాదు. అవతలి వకీలు చెప్పబోయేది జడ్జి గారికి మన నోటితోనే ముందు తెలియాలని ఆయన పట్టుదల. దాచిపెట్టిన సంగతి అవతలివాడి నోట బయటపడితే, ఆ కేసే కాదు, ఆ తరవాత పది కేసుల్లో కూడా మన మాట నమ్మరు. ఇది ఆయన చెప్పగా విన్నది కాదు, ఇంకొకరికి జరగ్గా కళ్లారా చూశాను.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఇది నీకోసమే అమ్మాయ్, చెవిన పెట్టు.

సర్టిఫైడ్ నకలు వెనక్కి తిప్పితే ఒక ముద్ర ఉంటుంది. దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు కట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ. వరసగా అయిదు గళ్లు. గుమాస్తా చేతిరాతతో నింపి ఉంటాయి, ఒక్కోసారి సిరా పాకిపోయి మూడో ఎనిమిదో తెలియదు. హైకోర్టులో అప్పీలుకు తొంభై రోజులు గడువు. నకలు సంపాదించడానికి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు. 1975లో ఒక ఫస్టు అప్పీలు కట్ట నా చేతికొచ్చింది. నేను చేతికిచ్చిన తేదీ దాకా లెక్కవేసి, ఇంకా వారం రోజులు ఉన్నాయని ధీమాగా ఉన్నాను. లెక్కలోకి వచ్చేది నకలు తయారైన తేదీ. తయారై కూర్చున్న కాయితాన్ని పార్టీ పదహారు రోజుల తరవాత తీరిగ్గా తెచ్చుకుంటే, ఆ పదహారు రోజులూ మనవే. దాఖలు చేసేసరికి గడువు మీద తొమ్మిది రోజులు దాటిపోయింది.

సెక్షను వాళ్లు ఆ మాట రాసి కట్ట తిప్పి పంపితే నా చేతులు చల్లబడిపోయాయి. ఆ పార్టీ చీరాల వైపు చేనేత కుటుంబం, ఇంటి జాగా తగాదా. పార్టీకి జ్వరం వచ్చిందని రాద్దామా అని పక్క ఆఫీసు కుర్రాడు సలహా ఇచ్చాడు, చాలామంది అలాగే చేసేవారు. సీనియరు గారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయన కోప్పడలేదు. పార్టీ చేత కాదు, నువ్వే అఫిడవిట్ వెయ్యి, లెక్క తప్పు నాదని ఉన్నదున్నట్టు రాయి అన్నారు. నా పేరుతో నేనే ప్రమాణం చేసి రాశాను. జడ్జి గారు చదివి, నన్ను ఒకసారి చూసి, ఆలస్యాన్ని మన్నించారు. ఆ అప్పీలు తరవాత మూడేళ్లకు మెరిట్సు మీద ఓడిపోయాం, అది వేరే సంగతి. కానీ వాళ్ల మాట వినకుండా తలుపు మూసేసే పరిస్థితి నా వల్ల రాలేదు. ఆనాటి నుంచి ఏ కట్ట వచ్చినా ముందు నకలు వెనక్కి తిప్పి చూసే అలవాటు పడింది. మీ నానమ్మ పెళ్లి శుభలేఖని కూడా వెనక్కి తిప్పి చూస్తానని అనేది.

చలి పెరుగుతోంది, శాలువా కప్పుకోండి.

క్రిమినల్ సంగతి అడుగుతున్నాడు వీడు. మాది ఎక్కువగా సివిల్ ఆఫీసే, కానీ కోర్టు అప్పజెప్పిన కేసులు సీనియరు గారు కాదనేవారు కాదు. ఉరిశిక్ష పడిన కేసు ఉంటుంది చూశారూ, దాన్ని ముద్దాయి అప్పీలు చేసుకున్నా చేసుకోకపోయినా సెషన్స్ జడ్జి హైకోర్టుకు పంపి తీరాలి. హైకోర్టు ఖాయం చేసిందాకా ఆ శిక్ష అమలు కాదు. రిఫర్డ్ ట్రయల్, ఆర్.టి. అంటాం. ఇద్దరు జడ్జీలు కూర్చుంటారు. ఆ రోజు కోర్టు హాల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. శవపంచాయితీ రిపోర్టు నుంచి ఆఖరి సాక్షి దాకా ప్రతి పంక్తీ చదువుతారు. మా ముద్దాయి రాజమండ్రి జైల్లో ఉన్నాడు, అతన్ని మేం ఒక్కసారి కూడా చూడలేదు. జైలు నుంచి వచ్చిన కాయితం కింద వేలిముద్ర మాత్రం చూశాను. పాత చట్టంలో ఒకప్పుడు హత్యకు ఉరే మామూలన్నట్టు ఉండేది. 1974లో అమల్లోకి వచ్చిన అప్పటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలన్నారు. అరుదాతి అరుదైన కేసు అన్న మాట 1980లో బచన్ సింగ్ తీర్పుతో వచ్చింది. మా కేసు ఆ రెంటికీ మధ్యది. సీనియరు గారు రెండు రోజులు నిలబడి చెప్పారు. నేరం కాదని అనలేదు, శిక్ష గురించే చెప్పారు. యావజ్జీవానికి తగ్గించారు. ఆ సాయంత్రం ఆయన కారులో ఒక్క మాట మాట్లాడలేదు, ఇంటికెళ్లి స్నానం చేసి మంచం మీద వాలిపోయారు.

ఆ రాత్రి కరెంటు పోతే, లాంతరు పెట్టుకుని పాకాల నారాయణస్వామి కేసు చెప్పారు. లా చదివిన ప్రతివాడికీ తెలిసిన కేసే. కానీ అది మన మనుషుల కథ అని చాలామంది మరిచిపోతారు. 1937 మార్చి 23న పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో ఒక ఇనప ట్రంకుపెట్టె దొరికింది. లోపల ముక్కలు చేసిన శవం. పిఠాపురం దివాను గారి కొలువులో ఉన్న బంట్రోతుది. దివాను గారి అల్లుడి కుటుంబం అతని దగ్గర అప్పు తీసుకుని బరంపురంలో కాపురం ఉంది. బాకీ తీసుకుపొమ్మని ఉత్తరం వస్తే, బరంపురం వెళ్తున్నానని భార్యకు చెప్పి రైలెక్కాడు ఆ మనిషి. అల్లుడికి ఉరిశిక్ష పడింది. పాట్నా హైకోర్టు ఖాయం చేసింది, అక్కణ్నుంచి లండన్‌లో ఉన్న అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, ప్రివీ కౌన్సిల్‌కి వెళ్లింది. 1939 జనవరిలో లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పారు.

అందులో విశేషం ఏమిటంటే, ముద్దాయి వకీలు పెద్ద వాదన ఒకటి గెలిచాడు. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాట సాక్ష్యంగా వాడకూడదని చట్టంలో ఉంది కదా, అది సాక్షులకే కాదు, తరవాత ముద్దాయి అయినవాడికి కూడా వర్తిస్తుందని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకుంది. అతను పోలీసులకు చెప్పిన మాట పక్కకు తీసేసింది. చనిపోయినవాడు ఇంట్లోంచి బయల్దేరుతూ భార్యతో అన్న మాట మాత్రం సాక్ష్యమేనంది. మిగిలిన సాక్ష్యం చాలునంది. అప్పీలు కొట్టేసింది. ఆ మనిషి ఓడిపోయాడు. ఆ వాదన మాత్రం ఎనభై ఏళ్లు దాటినా ఈ దేశంలో ప్రతి పోలీసు స్టేషన్లో, ఊరూ పేరూ తెలియని వాళ్లకి కూడా అండగా నిలబడి ఉంది. సీనియరు గారు ఇది చెప్పి, మనం నిలబడేది ఒక్కడి కోసమే, రాసేది మాత్రం అందరి మీదా పడుతుంది, అందుకే నాకు నిద్రపట్టదు అన్నారు. లాంతరు వెలుగులో ఆయన ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్తాను. అమ్మాయ్, నీ అప్పీలుకు దగ్గరిది ఇది.

1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్ మార్చారు, మరుసటి ఏడు ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. అంతకుముందు సెకండ్ అప్పీలులో ఏదో ఒక న్యాయప్రశ్న ఉందని చూపిస్తే చాలు, తలుపు తీసేవారు. ఆ తరవాత సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా కావాలన్నారు. అంటే గట్టి న్యాయప్రశ్న, దాని మీదే కేసు తేలాలి. ఆ ప్రశ్నని జడ్జి గారు అడ్మిషన్ రోజే కాయితం మీద రాయాలి. కింది రెండు కోర్టులూ ఒకే మాట చెప్పి ఉంటే మరీ కష్టం. సాక్ష్యాన్ని తప్పుగా తూచారు అని ఎంత మొత్తుకున్నా సెకండ్ అప్పీలులో వినరు. ప్రివీ కౌన్సిల్ 1890లోనే ఆ మాట ఖరాఖండిగా చెప్పేసింది.

1978 వేసవి సెలవులు అయిపోయాక ఒక ఆవిడ మా ఆఫీసుకొచ్చింది. పల్నాటి మనిషి, యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు. రెండెకరాల నలభై సెంట్ల చేను. 1951లో కరువులో భర్త ఎనిమిది వందలు తీసుకుని ఊళ్లో షావుకారికి దస్తావేజు రాసిచ్చాడు. దాని పేరు విక్రయ దస్తావేజు. అందులోనే అయిదేళ్లలోగా పైకం తిరిగి ఇస్తే చేను తిరిగి రాసిస్తామని షరతు. అయిదేళ్లలో ఇవ్వలేకపోయాడు. ఆవిడ తాకట్టు విడిపించమని దావా వేసింది. మున్సిఫ్ కోర్టు ఇది తాకట్టు కాదు అమ్మకమే, గడువు దాటింది కాబట్టి చేను పోయినట్టే అంది. సబ్ కోర్టూ అదే మాట.

సీనియరు గారు రెండు తీర్పులూ చదివి, తెల్లకాయితం మీద ఎడమ గడి నింపారు. కుడి గడిలో ఒక్కటే రాశారు, షరతు అదే దస్తావేజులో ఉంది అని. 1929లో చట్టం మార్చారు, షరతు వేరే కాయితంలో ఉంటే అది తాకట్టు కానే కాదు. ఒకే కాయితంలో ఉంటే తాకట్టు కావచ్చు, కాకపోవచ్చు. ఆ రాసుకున్నవాళ్ల మనసులో ఏముందో మాటల్లోంచి వెతకాలి. ఇంతదాకా రెండు కోర్టులూ చెప్పినవే. పెద్దాయన పెదవి విరిచి, అడ్మిషన్ దాటదేమోనయ్యా అన్నారు.

పేపర్ బుక్‌లో దస్తావేజుకి ఇంగ్లీషు తర్జుమా ఉంది, ట్రూ ట్రాన్స్‌లేషన్ అని సంతకం కూడా ఉంది. నాకు మున్షీ సాహెబు గుర్తొచ్చారు. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. రాత్రి భోజనం అయ్యాక ఆవిడ తెచ్చిన తెలుగు నకలు ముందేసుకుని, ఒక్కో పంక్తీ పైకి చదవడం మొదలుపెట్టాను. పాత దస్తావేజుల భాష మీకు తెలియదు. ఎక్కడా వాక్యం తెగదు, కామా ఉండదు, సదరు, మజ్‌కూరు, యెడల, అందులకు అంటూ రెండు పేజీలు ఒకే ఊపిరి. మొదటిసారి ఏం కనపడలేదు. రెండోసారి మధ్యలో నాలిక ఆగింది. సదరు పైకమునకు వడ్డీకి బదులుగా భూమి ఫలసాయము మీరు అనుభవించునట్లున్ను, అని ఉంది. తర్జుమాలో ఆ చోట చూశాను. మీరు భూమి ఫలసాయం అనుభవించవచ్చును అని మాత్రం ఉంది ఇంగ్లీషులో.

వడ్డీకి బదులు అన్నది ఎగిరిపోయింది.

అమ్మినవాడికి వడ్డీ ఏమిటి? కొన్నవాడు తన చేలో పండింది తాను తినడానికి వడ్డీ మాట ఎందుకు? అప్పు ఉంటేనే వడ్డీ. ఆ రెండు మాటల్లో షావుకారు అప్పిచ్చినవాడని, ఆవిడ భర్త అప్పు తీసుకున్నవాడని ఉంది. కింది తీర్పులు మళ్లీ తిరగేశాను. రెండింటిలోనూ అయిదేళ్ల షరతు వాక్యం ఒక్కటే ఎత్తి రాశారు. ఈ మాట ఎక్కడా లేదు. అర్ధరాత్రి దాటింది. పొద్దున్న అయిదు కోసం కూర్చున్నాను, నిద్రపోలేదు.

అయిదింటికి సీనియరు గారి ముందు ఆ కాయితం పెట్టి వేలు చూపించాను. ఆయన మూడుసార్లు చదివారు, పెదవులు కదుపుతూ. లోపలికి కేకేసి, వీడికి కూడా కాఫీ పట్టుకురండి అన్నారు. అంతకుముందు ఆరేళ్లలో ఆ వేళప్పుడు నాకు కాఫీ ఇచ్చిన గుర్తు లేదు.

దస్తావేజు అర్థం ఏమిటన్నది న్యాయప్రశ్న. ముఖ్యమైన మాటని పట్టించుకోకుండా అర్థం చెబితే అది గట్టి న్యాయప్రశ్న. అలా అడ్మిట్ అయింది. విచారణకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. 1982లో జడ్జి గారు, ఆయన మన తెలుగువారే, తర్జుమా పక్కన పెట్టి, కింది కోర్టు నుంచి తెప్పించిన అసలు రికార్డు కట్ట విప్పించారు. ఎగ్జిబిట్ ఏ-1. మడతల దగ్గర చిరిగి, అడుగున నీలపు వేలిముద్ర. హాల్లో అంతదాకా అందరం ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాం. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ వాక్యం తెలుగులో, పైకి, నిదానంగా చదివారు. వడ్డీకి బదులుగా అన్నచోట ఆగారు. ఆ హైకోర్టులో తెలుగు మాట అంత గంభీరంగా వినపడటం నాకు అదే మొదలు.

అవతలి వకీలు పెద్దమనిషి. లేచి, తర్జుమాలో ఆ మాట జారిపోయిన సంగతి నేనూ ఇప్పుడే చూస్తున్నాను, దాన్ని సమర్థించుకోను అన్నారు. తరవాత తన వాదన తాను గట్టిగానే చెప్పుకున్నారు. ఆయన అలా లేచి ఒప్పుకున్నందుకు ఈనాటికీ నాకు ఆయనంటే గౌరవం. అప్పీలు గెలిచాం. ఎనిమిది వందలు కోర్టులో జమ చేసి చేను విడిపించుకోమని డిక్రీ.

ఆవిడకి కార్డు రాశాం. కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. తీర్పు ఏమిటో నేను వివరించబోతే సగంలోనే ఆపి, ఆ కాయితం మీరు చూశారా అయ్యా, ఆయన వేలిముద్ర ఉందా దాని మీద అని అడిగింది. ఉందమ్మా, బొటనవేలిది, గీతలు కూడా చెరిగిపోలేదు అన్నాను. ఆవిడ తలాడించి చీర కొంగు కళ్లకద్దుకుంది. చేను గురించి ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

ఢిల్లీలో సుప్రీంకోర్టుకు కూడా చాలాసార్లు వెళ్లాను, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో, పై బెర్తు మీద కట్టలు తలకింద పెట్టుకుని. అక్కడ మనం సొంతంగా దాఖలు చేయలేం, అడ్వకేట్ ఆన్ రికార్డ్ ద్వారానే వేయాలి. ప్రత్యేక అనుమతి పిటిషనుకి, అదే ఎస్.ఎల్.పి.కి, దొరికేది నాలుగైదు నిమిషాలు. ముప్పై ఏళ్ల తగాదాని ఆ నాలుగైదు నిమిషాల్లో చెప్పాలంటే, ఏది వదిలెయ్యాలో తెలియడమే పని. అక్కడ గెలిచిన సంగతులూ ఉన్నాయి, మరోసారి చెబుతాను. పెద్ద తీర్పు రావాలంటే పై దాకా వెళ్లాల్సిందే. మన ఏజెన్సీలో గిరిజనుల భూములు గనులకు లీజుకివ్వడం మీద సమత అనే సంస్థ వాళ్లు హైకోర్టులో ఓడిపోయారు, 1997లో సుప్రీంకోర్టులో గెలిచారు. హైకోర్టు దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ తీర్పు ఈ దేశానికి ఉండేది కాదు.

2009 ఆగస్టు ఆఖర్లో హైదరాబాదు హైకోర్టులో మంటలు లేచినప్పుడు నేను టీవీ ముందు కూర్చుని చూశాను. లైబ్రరీలో నేను చేత్తో పట్టుకున్న పుస్తకాలు ఎన్నో బూడిదయ్యాయి. 2019 జనవరి 1న కోర్టు రెండయింది. మా ఆఫీసు కట్టలు కొన్ని తెలంగాణ వైపు ఉండిపోయాయి, కొన్ని ఇటు వచ్చాయి. నువ్విప్పుడు మళ్లీ మా సీనియరు గారు మొదలుపెట్టిన గుంటూరు జిల్లా నేల మీదే కోటు వేసుకుంటున్నావు.

ఇప్పుడు తర్జుమాలకి యంత్రాలొచ్చాయి. సుప్రీంకోర్టు వాళ్లే సువాస్ అని ఒకటి పెట్టారు, తీర్పులు తెలుగులో కూడా చదువుకోవచ్చు. పల్లెలో ఉన్నవాడు తన తీర్పు తన భాషలో చదవగలగడం నేను కలలో కూడా అనుకోనిది. మంచి పని, జరగాల్సిన పని. కానీ కిందనుంచి పైకి వెళ్లే కాయితం సంగతి వేరు. ఆ దస్తావేజుల భాష, పాత గ్రామ కరణాల రాత, ఏ మాట మీద బరువుందో, అది మన ఊళ్లో పుట్టి పెరిగిన చెవికే ముందు తగులుతుంది. నువ్వు ఇంగ్లీషు మీడియంలో చదివానని వెనకాడకు. పైకి చదువు. నాలిక ఆగినచోట నువ్వూ ఆగు.

ఆ కట్ట ఇలా ఇయ్యి. మంటకి దూరంగా పట్టుకో. నీ దాంట్లో దస్తావేజు తెలుగు నకలు ఉందా? తర్జుమా ఒక్కటే ఇచ్చారా? అయితే రేపు పొద్దున్నే పార్టీకి ఫోను చేసి అసలు కాపీ పంపించమను, అది వచ్చిందాకా గ్రౌండ్సు రాయకు. వచ్చాక ఇక్కడే ఈ అరుగు మీద కూర్చుందాం, నువ్వు చదువు, నేను వింటాను. నకలు వెనక్కి తిప్పు. టార్చి ఇటు వెయ్యరా. ఆఁ, దరఖాస్తు తేదీ ఇది, తయారైన తేదీ ఇది. చేతికిచ్చిన తేదీ చూడకు. నకలుకి పట్టింది పద్దెనిమిది రోజులు. తీర్పు వచ్చి ఇవాళ్టికి తొంభై ఏడు. పద్దెనిమిది తీసేస్తే డెబ్భై తొమ్మిది. సంక్రాంతి సెలవులున్నాయి కదా అని నిమ్మళంగా ఉండకు తల్లీ. నీకు పదకొండు రోజులే ఉన్నాయి.